కస్టమ్ అగ్రిగేట్ ఫంక్షన్: ఒకే డేటా, ఒకే క్వెరీ, రన్‌కో సగటు

విభాగం: స్పార్క్, హైవ్, ట్రినో · బెంగళూరు

#1 సిల్క్‌బోర్డ్_సిగ్నల్

సిటీ బస్సుల జీపీఎస్ పింగుల (టైము, స్పీడు పంపే సంకేతాల) నుంచి బస్సువారీగా, రోజువారీగా సగటు స్పీడు తీయాలి. పింగులు సమానమైన ఎడంలో రావు. బండి కదులుతుంటే 10 సెకన్లకొకటి, ఆగి ఉంటే 60 సెకన్లకొకటి. మామూలు యావరేజ్ తీస్తే ఆగి ఉన్న సమయం లెక్కలో చిక్కిపోయి స్పీడు ఎక్కువ కనిపిస్తుంది. అందుకని ఒక్కో స్పీడు ఎంతసేపు నిలిచిందో అంత వెయిటు ఇవ్వాలి.

స్పార్క్ (డేటాని చాలా మెషీన్ల మీద పంచి లెక్కలేసే ఇంజిన్) 3.4లో స్కాలా భాషలో అగ్రిగేటర్, అంటే చాలా వరసల నుంచి ఒక్క జవాబు తీసే సొంత ఫంక్షన్, రాశాను. బఫర్‌లో (మధ్యంతర లెక్క దాచే చోట) ఆరు ఫీల్డులు: మొదటి టైము, మొదటి స్పీడు, చివరి టైము, చివరి స్పీడు, స్పీడు×వ్యవధి మొత్తం, వ్యవధి మొత్తం. రిడ్యూస్‌లో (బఫర్‌కి ఒక్కో వరస కలిపే మెథడ్) కొత్త పింగు రాగానే చివరి స్పీడుని (కొత్త టైము − చివరి టైము)తో గుణించి మొత్తానికి కలుపుతుంది. మెర్జ్‌లో (రెండు బఫర్లని కలిపే మెథడ్) ఎడమ బఫర్ చివరి టైము నుంచి కుడి బఫర్ మొదటి టైము దాకా ఎడమవైపు చివరి స్పీడుతో వంతెన వేసి, రెండు మొత్తాలూ కలుపుతుంది.

లోకల్‌లో ఒకే పార్టిషన్‌తో (ఒకే డేటా ముక్కగా) నడిపితే కరెక్టు. క్లస్టర్ (మెషీన్ల గుంపు) మీద రన్‌కో నంబరు. గ్రూప్ బై ముందు టైము మీద ఆర్డర్ బై కూడా ఉంది. ఎక్కడ చూడాలి?

#2 బఫర్_భాస్కరం

మీ మెర్జ్ ఒక షరతు మీద నడుస్తోంది: ఎడమ బఫర్‌లోని టైములన్నీ కుడి బఫర్ టైములకు ముందువై ఉండాలి. అలాంటి హామీ స్పార్క్ ఎప్పుడూ ఇవ్వలేదు. నాలుగు పింగులు కాగితం మీద వేసి చూడండి.

0వ సెకను: 20 కి.మీ.
10వ సెకను: 40
40వ సెకను: 0
60వ సెకను: 0

సరైన లెక్క 20×10 + 40×30 + 0×20 = 1400. దాన్ని 60తో భాగిస్తే 23.33.

ఇవే పింగులు రెండు ఫైళ్లలో పడ్డాయనుకోండి. ఒక టాస్కుకి (ఒక డేటా ముక్క మీద నడిచే పనికి) 0, 40 సెకన్లవి, ఇంకోదానికి 10, 60 సెకన్లవి. మొదటి టాస్కు లెక్క 20×40 = 800, వ్యవధి 40. రెండోదాని లెక్క 40×50 = 2000, వ్యవధి 50. మొదటిది ఎడమన ఉంటే వంతెన 40 నుంచి 10కి, అంటే −30 సెకన్లు, స్పీడు 0. మొత్తం 2800, వ్యవధి 40 + 50 − 30 = 60. జవాబు 46.67. వ్యవధి మాత్రం 60 అని ఒప్పుగానే వచ్చింది చూడండి. మొత్తం వ్యవధి సరిపోయిందా లేదా అని చెక్ పెట్టుకున్నా ఈ తప్పు దొరకదు.

రెండోది ఎడమన పడితే వంతెన 60 నుంచి 0కి, −60 సెకన్లు. 2800ని 30తో భాగిస్తే 93.33. పట్టపగలు అవుటర్ రింగ్ రోడ్డులో సిటీ బస్సుకి 93!

పింగులు మారలేదు. ఏ టాస్కు ఫలితం ముందొచ్చిందన్నదే మారింది.

#3 రాయలసీమ_రిడ్యూసర్

ఆర్డర్ బై పెట్నా గదా అంటావేమో, దాని కత వేరేలే అన్నా.

ఆర్డర్ బై పెడితే స్పార్క్ టైమును బట్టి రేంజి పార్టిషన్ చేస్తాది. ఒక్కో పార్టిషన్‌కి ఒక్కో టైము ముక్క. అప్పుడు భాస్కరం గారు చూపించిన అల్లిబిల్లి ఉండదు, ముక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కవు. అయినా తప్పే వస్తాది, ఎందుకో చూడు. అవే పింగులు మూడు ముక్కలు అనుకో: ఏ ముక్కలో 0, బీ ముక్కలో 10, సీ ముక్కలో 40, 60. ఫైనల్ స్టేజిలో షఫుల్ బ్లాకులు (మెషీన్ల మధ్య చేతులు మారే డేటా) ఏ ఎగ్జిక్యూటర్ (పని చేసే ప్రాసెస్) నుంచి ముందొస్తే అవి ముందు మెర్జ్ అవుతాయి. ఏ, సీ ముందు కలిసినాయనుకో. 0 నుంచి 40 దాకా 20 స్పీడుతో వంతెన పడిపాయె, 800. తర్వాత బీ వస్తాది, దాన్ని యాడ పెడతావు? పెట్టాలంటే ఆ 800లో నుంచి 20×30 తీసి 40×30 కలపల్ల. 0కీ 40కీ నడుమ ఖాళీ ఉండిందన్న సంగతి బఫర్‌లో లేనే లేదు, కూడికలో కరిగిపోయింది.

ఎడమ ముందా కుడి ముందా అని మెర్జ్‌లో ఇఫ్ పెట్టినా ఇంతే. ఆరు ఫీల్డుల బఫర్‌తో ఈ లెక్క కుదరదు. లోకల్‌లో ఒక పార్టిషన్ అంటే ముక్కలే లేవు కాబట్టి నీ వంతెన కోడు అక్కడ నడవనే లేదు.

#4 కుందలహళ్ళి_కర్నెల్

దీనికి అగ్రిగేట్ ఫంక్షన్ రాయాల్సిన పనే లేదు. క్రమం కావాల్సిన పని విండోకి (వరసల క్రమం చూసే ఎస్‌క్యూఎల్ లెక్కకి), కూడిక పని సమ్‌కి ఇచ్చేయండి.

లోపలి క్వెరీలో లీడ్(టైము), అంటే తర్వాతి వరస టైము, పార్టిషన్ బై బస్సు, ఆర్డర్ బై టైము. తర్వాతి టైములోంచి ఈ టైము తీసేస్తే వ్యవధి. బయటి క్వెరీలో సమ్(స్పీడు×వ్యవధి) / సమ్(వ్యవధి), గ్రూప్ బై బస్సు. సమ్‌లు రెండూ ఏ క్రమంలో కలిపినా ఒకటే. విండో సార్టు మెమరీకి మించితే డిస్కుకి స్పిల్ అవుతుంది, పడిపోదు.

మూడు జాగ్రత్తలు ఉన్నాయి. ఒకే టైముతో రెండు పింగులొస్తే ఏది ముందో తేలదు కాబట్టి ఆర్డర్ బైలో డివైస్ సీక్వెన్స్ నంబరు కూడా పెట్టండి. సిగ్నల్ పోయి 20 నిమిషాలు పింగు రాకపోతే చివరి స్పీడు ఆ 20 నిమిషాలూ నిలిచినట్టు లెక్క పడుతుంది, కాబట్టి వ్యవధి హద్దు దాటితే హద్దే తీసుకునేలా ఇఫ్‌తో గరిష్ఠం కట్టండి (లీస్ట్ వద్దు, స్పార్క్‌లో అది నల్‌ని వదిలేసి హద్దునే ఇచ్చేస్తుంది). మీ పింగులు ఆగి ఉన్నా 60 సెకన్లకొకటి అన్నారు, 120 సరిపోతుంది. చివరి పింగుకి లీడ్ నల్ (విలువ లేదు). స్పీడు×నల్ కూడా నల్లే కాబట్టి సమ్ దాన్ని వదిలేస్తుంది. ఎవరైనా లీడ్‌కి డిఫాల్ట్ 0 ఇచ్చారో, వ్యవధి మైనస్ లక్షల కోట్లలోకి పోతుంది.

#5 సిల్క్‌బోర్డ్_సిగ్నల్

లెక్క పూర్తిగా అర్థమైంది, థాంక్స్. కానీ ఈ ఫంక్షన్ వాడేది అనలిస్టులు. రూటు, డిపో, గంట, ఏది పడితే దాని మీద గ్రూప్ బై వేస్తారు. ప్రతి క్వెరీలో విండో రాయమంటే రాయరు. టైము, స్పీడు ఇస్తే జవాబిచ్చే ఒకే ఫంక్షన్ కావాలంటే?

#6 బఫర్_భాస్కరం

అయితే బఫర్‌లో పింగులన్నీ దాచుకోవాలి, తప్పదు. ఖర్చు ఎంతో ముందే వేసుకోండి. 10 సెకన్లకొకటి చొప్పున 16 గంటలకు 5,760 పింగులు. టైముకి 8 బైట్లు, స్పీడుకి 8. బస్సుకి రోజుకి 92,160 బైట్లు. ఫరవాలేదు. అదే నెల మీద గ్రూపు వేస్తే దాదాపు 27.6 లక్షల బైట్లు. అదీ ప్రిమిటివ్ అర్రేలయితేనే. టపుల్స్ లిస్టులో పెడితే హెడర్లూ రిఫరెన్సులూ కలిపి నాలుగైదు రెట్లవుతుంది.

ఒక మాట ముందే: రూటు మీద గ్రూపు వేస్తే వేర్వేరు బస్సుల పింగులు ఒకే బఫర్‌లో కలిసి, ఒక బస్సు స్పీడుకి ఇంకో బస్సు పింగు దాకా వ్యవధి పడుతుంది. మీ అనలిస్టులు చేయబోయేది అదే. కాబట్టి ఫంక్షన్‌కి మూడో ఇన్‌పుట్‌గా బస్సు నంబరు తీసుకుని బఫర్ లోపల విడివిడిగా ఉంచాల్సిందే.

రాసే పద్ధతి ఇది.

బఫర్: టైము అర్రే, స్పీడు అర్రే, కౌంటు, అన్నీ వార్ (మార్చగల ఫీల్డులు). బస్సు నంబరుకి మరో అర్రే. మొదట 16 గడులు, నిండితే ఒకటిన్నర రెట్లు పెంచండి. రెట్టింపు చేస్తే షఫుల్‌కి వెళ్లేటప్పుడు ఇంకా ఎక్కువ ఖాళీ గడులు సీరియలైజ్ అయి (బైట్లుగా మారి) వెళ్తాయి.

జీరో (మొదటి ఖాళీ బఫర్): డెఫ్‌గా (పిలిచినప్పుడల్లా కొత్తది) రాయండి, వ్యాల్‌గా (ఒక్కసారే తయారయ్యేది) కాదు. వ్యాల్ అయితే అన్ని గ్రూపులూ అదే ఆబ్జెక్టు అందుకుంటాయి. రిడ్యూస్ దాన్నే మారుస్తుంది కాబట్టి ఒక బస్సు పింగులు ఇంకో బస్సులో కలుస్తాయి. ఒకే బస్సుతో టెస్టు చేస్తే ఇది బయటపడదు.

రిడ్యూస్: చివర చేర్చడం, అంతే. ఇక్కడ సార్టు వద్దు. మొదటి ఆర్గ్యుమెంటునే మార్చి తిరిగిచ్చే వెసులుబాటు స్పార్క్ ఇచ్చింది, వాడుకోండి.

మెర్జ్: రెండు అర్రేలు అతికించడం.

ఫినిష్ (బఫర్ నుంచి చివరి జవాబు): కాపీ తీసి, కాపీని బస్సు, టైము, స్పీడు వరుసలో సార్టు చేసి లెక్క వేయండి. కాపీ ఎందుకంటే, ఇదే ఫంక్షన్‌ని ఎవరో ఓవర్ క్లాజుతో విండోలో వాడతారు. అన్‌బౌండెడ్ ప్రిసీడింగ్ ఫ్రేములో ప్రతి వరసకీ ఫినిష్ పిలుస్తుంది, అదే బఫర్ మీద. ఫినిష్‌లో బఫర్ ఖాళీ చేశారంటే రెండో వరస నుంచీ అన్నీ తప్పే. ఇక స్లైడింగ్ ఫ్రేము అయితే ప్రతి వరసకీ ఫ్రేము మొత్తం మళ్లీ మొదటి నుంచి కలుపుతుంది. 360 వరసల ఫ్రేముకి 360 రెట్ల పని.

నెట్‌లో దొరికే పాత ఉదాహరణల్లో యూజర్ డిఫైన్డ్ అగ్రిగేట్ ఫంక్షన్ (పొట్టిగా యూడీఏఎఫ్) అనే క్లాసు ఉంటుంది. 3.0 నుంచి అది డిప్రికేటెడ్, అంటే కొత్తగా వాడొద్దన్నది. దాంట్లో బఫర్ అర్రే టైపు అయితే ప్రతి అప్‌డేట్‌కీ మొత్తం అర్రే కాపీ అవుతుంది. 5,760 పింగులకు 1 నుంచి 5,760 దాకా కూడితే 1.66 కోట్ల ఎలిమెంట్ కాపీలు, ఒక్క బస్సుకి. అగ్రిగేటర్ రాసి, ఫంక్షన్స్‌లోని యూడీఏఎఫ్‌తో చుట్టి రిజిస్టర్ చేయండి. అలా చేస్తే సీరియలైజేషన్ పార్షల్ (ముక్కవారీ లెక్క) నుంచి ఫైనల్‌కి (అన్నీ కలిపే లెక్కకి) వెళ్లేటప్పుడే జరుగుతుంది.

#7 పైస్పార్క్_పద్మ

పైథాన్ వాళ్ల కోసం. పాండాస్ యూడీఎఫ్‌లో (పైథాన్‌లో రాసే సొంత ఫంక్షన్‌లో) గ్రూప్డ్ అగ్రిగేట్ రకం వాడితే మెర్జ్ అన్న గొడవే లేదు, ఎందుకంటే పార్షల్ అగ్రిగేషనే లేదు. గ్రూపులోని వరసలన్నీ షఫుల్ దాటి ఒకచోట చేరి, మెమరీలో ఒక్కసారిగా సిరీస్‌గా వస్తాయి. లోపల సార్టు చేసుకుంటే జవాబు కరెక్టు. బస్సు‑రోజుకి 5,760 వరసలంటే హాయిగా నడుస్తుంది. అదే 500డి లాంటి రద్దీ రూటు మీద నెలకి గ్రూపు వేస్తే ఆ ఒక్క టాస్కే చివరిదాకా వేలాడి, పైథాన్ వర్కరు మెమరీ మించి చస్తుంది. ఎగ్జిక్యూటర్ మెమరీ పెంచితే లాభం లేదు, అది జేవీఎమ్ (జావా, స్కాలా కోడు నడిచే చోటు) హీపుకి. పెంచాల్సింది మెమరీ ఓవర్‌హెడ్, లేదా పైస్పార్క్ మెమరీ సెట్టింగు.

స్కాలాలో రాసిన అగ్రిగేటర్‌ని పైస్పార్క్ నుంచి వాడాలంటే, రిజిస్టర్ జావా యూడీఏఎఫ్ అనే మెథడ్ పాత క్లాసునే తీసుకుంటుంది. చిన్న స్కాలా ఆబ్జెక్టులో రిజిస్టర్ చేసే మెథడ్ ఒకటి పెట్టి, జేవీఎమ్ గేట్‌వే ద్వారా దాన్ని ఒకసారి పిలిచేయండి. తర్వాత ఎస్‌క్యూఎల్‌లో పేరుతో వాడుకోవచ్చు. జార్ కట్టేటప్పుడు స్పార్క్ డిపెండెన్సీ ప్రొవైడెడ్‌గా (జార్‌లో పెట్టకుండా క్లస్టర్‌లోనిదే వాడేలా) ఉండాలి, స్కాలా 2.12, 2.13లలో క్లస్టర్‌ది ఏదో దానితోనే కట్టాలి. నో సచ్ మెథడ్ ఎర్రర్ వస్తే ముందు చూడాల్సింది అదే.

#8 సిల్క్‌బోర్డ్_సిగ్నల్

పద్మక్కా, పాండాస్ కంటే స్కాలాదే వేగంగా ఉండాలి కదా. భాస్కరం గారు చెప్పినట్టు మార్చాక జవాబు నిలకడగా వస్తోంది, కానీ మొదటి స్టేజి మునుపటికంటే బాగా నిదానించింది. ప్లాన్‌లో ఆబ్జెక్ట్ హ్యాష్ అగ్రిగేట్ రెండుసార్లు కనిపిస్తోంది, అది సరైనదే అనుకుంటున్నా.

#9 కుందలహళ్ళి_కర్నెల్

ప్లాన్ సరైనదే. నడిచేటప్పుడు జరిగేది ప్లాన్‌లో కనబడదు. ఎస్‌క్యూఎల్ ట్యాబులో ఆ నోడు మీద సార్ట్ ఫాల్‌బ్యాక్ టాస్కుల మెట్రిక్ చూడండి.

ఆబ్జెక్ట్ హ్యాష్ అగ్రిగేట్‌కి ఫాల్‌బ్యాక్ థ్రెషోల్డ్ అని ఒక సెట్టింగుంది, డిఫాల్ట్ 128. ఇది బైట్లు కాదు, హ్యాష్ మ్యాపులోని కీల (గ్రూపుల) సంఖ్య. ఒక టాస్కులో 128 దాటి కీలు కనబడితే మ్యాపుని సార్టర్‌కి అప్పగించి, మిగిలిన వరసలన్నీ గ్రూపు కీ మీద సార్టు చేసి నడిపిస్తుంది. ఫైనల్ వైపు మీకిది తగలదు: 6,000 బస్సులు, 200 షఫుల్ పార్టిషన్లు అనుకుంటే టాస్కుకి 30 కీలు. తగిలేది పార్షల్ వైపు. ఫైళ్లు టైమువారీగా రాసి ఉంటే ఒక్కో ఫైల్లో అన్ని బస్సులూ ఉంటాయి, ప్రతి టాస్కూ 128 దాటుతుంది.

పెంచేముందు లెక్క చూసుకోండి. థ్రెషోల్డ్ 10,000 చేసి, బఫర్ ఒక్కోటి 92,160 బైట్లకు చేరితే టాస్కుకి 92 కోట్ల బైట్లు. ఎగ్జిక్యూటర్‌లో 4 కోర్లుంటే నాలుగు రెట్లు, 3.7 జీబీ. పార్షల్ వైపు బఫర్లు అంత నిండవు కాబట్టి మీకు 8,000 దాకా పెట్టొచ్చు. సెషన్ మొత్తానికి కాకుండా ఈ జాబుకే పెట్టండి, లేకపోతే పెద్ద బఫర్ల క్వెరీ ఏదో ఒకటి దాంతో పడిపోతుంది. ఇంకో సంగతి, లిస్టు బఫర్‌కి పార్షల్ అగ్రిగేషన్ వల్ల షఫుల్ తగ్గదు, పింగులన్నీ ఎలాగూ దాటాలి. ఆరు ఫీల్డుల బఫర్‌కీ దీనికీ తేడా అక్కడే.

#10 హెబ్బాళ్_హైవ్

ఈ సమస్యే హైవ్‌లో (హడూప్ మీది ఎస్‌క్యూఎల్ ఇంజిన్) ఇంకో వేషంలో వస్తుందండి. అక్కడ జెనెరిక్ యూడీఏఎఫ్ ఎవాల్యుయేటర్‌కి నాలుగు మోడ్‌లు.

పార్షల్1: అసలు వరసలు లోపలికి, పార్షల్ బయటికి. ఇటరేట్, టెర్మినేట్ పార్షల్ పిలుస్తుంది.
పార్షల్2: పార్షల్ లోపలికి, పార్షల్ బయటికి. మెర్జ్, టెర్మినేట్ పార్షల్.
ఫైనల్: పార్షల్ లోపలికి, జవాబు బయటికి. మెర్జ్, టెర్మినేట్.
కంప్లీట్: వరసలు లోపలికి, నేరుగా జవాబు. ఇటరేట్, టెర్మినేట్. మెర్జ్ ఊసే లేదు.

ఇనిట్‌కి ఇచ్చే ఆబ్జెక్ట్ ఇన్‌స్పెక్టర్లు (విలువల టైపు తెలిసి వాటిని చదివేవి) మోడ్‌ని బట్టి మారతాయి. పార్షల్1, కంప్లీట్‌లలో మీ కాలమ్‌ల ఇన్‌స్పెక్టర్లు. పార్షల్2, ఫైనల్‌లలో మీరు ముందు స్టేజిలో తిరిగిచ్చిన స్ట్రక్ట్‌ది ఒక్కటే. చాలామంది మోడ్ చూడకుండా రెండో పారామీటర్ కోసం వెళ్తారు, అర్రే హద్దు దాటిందని ఎర్రర్ వస్తుంది. లేదా మెర్జ్‌లో వచ్చినదాన్ని తమ క్లాసుకి నేరుగా క్యాస్ట్ చేస్తారు. అక్కడ వచ్చేది లేజీ బైనరీ స్ట్రక్ట్, స్ట్రక్ట్ ఇన్‌స్పెక్టర్‌తోనే ఫీల్డులు తీయాలి.

మ్యాప్ అగ్రిగేషన్ సెట్టింగు ఫాల్స్ చేస్తే ఎర్రర్ పోయిందనో, జవాబు సరిపోయిందనో అనిపిస్తే సంతోషించకండి. పని మొత్తం కంప్లీట్ మోడ్‌కి మారి మీ మెర్జ్ పిలవడం మానేసింది, అంతే. జబ్బు మెర్జ్‌లో ఉందనడానికి అదే గుర్తు. మ్యాప్ అగ్రిగేషన్ మళ్లీ ట్రూ చేసి, స్క్యూ ఇన్ డేటా సెట్టింగు కూడా ట్రూ చేసి ఒకసారి నడపండి. పార్షల్2 బయటికొచ్చేది అక్కడే, మామూలు టెస్టుల్లో దానికి పని పడదు.

హైవ్‌కే ప్రత్యేకమైన ఇంకో ఉచ్చు ఉంది. ఇటరేట్‌కి వచ్చే టెక్స్ట్, రైటబుల్ ఆబ్జెక్టుల్ని హైవ్ మళ్లీ మళ్లీ వాడుతుంది. రిఫరెన్స్ దాచుకుంటే లిస్టులో వంద ఎంట్రీలుండి వందలోనూ చివరి వరస విలువే కనిపిస్తుంది. కాపీ టు స్టాండర్డ్ ఆబ్జెక్ట్ పిలిచి కాపీ దాచండి.

#11 రాయలసీమ_రిడ్యూసర్

ట్రినో (ఇంకో ఎస్‌క్యూఎల్ ఇంజిన్) వాళ్లు ఉంటే: ఇన్‌పుట్, కంబైన్, అవుట్‌పుట్ అని మూడు యానొటేషన్లు, స్టేట్‌కి ఇంటర్‌ఫేసు. లాంగ్, డబుల్ లాంటి గెట్టర్ సెట్టర్లే ఉంటే సీరియలైజర్ అదే పుట్టిస్తాది. లిస్టులు పెట్టినావా, ఫ్యాక్టరీ, సీరియలైజర్ నువ్వే రాయల్ల. ప్లగిన్ కోఆర్డినేటర్ మీదే పెట్టి వర్కర్లను మర్చిపోవద్దు. ఫ్లింక్‌లో (స్ట్రీమ్ డేటా ఇంజిన్) అయితే మెర్జ్‌తో పాటు రిట్రాక్ట్ కూడా ఉంది, బౌండెడ్ ఓవర్ విండోలో పాత వరసను బఫర్‌లోంచి తీసేసేందుకు. మ్యాక్స్ లాంటిదానికి ఒక్క నంబరు దాచుకుంటే రిట్రాక్ట్ చేయలేవు, విలువలూ వాటి కౌంట్లూ పెట్టుకోవాల్సిందే.

#12 కోరమంగళ_కాలమ్

ఇక్కడే అడుగుతున్నా. స్టాపుకి బస్సు చేరే టైముల వేరియన్స్ (సగటు నుంచి ఎంత చెదిరాయన్న కొలత) కోసం ఫంక్షన్ రాయాలి. కౌంటు, మొత్తం, వర్గాల మొత్తం, ఈ మూడూ చాలు కదా? ఏ క్రమంలో కలిపినా పరవాలేదు. కానీ వేరియన్స్ కొన్నిసార్లు మైనస్‌లో వస్తోంది.

#13 బఫర్_భాస్కరం

మీరు ఎపాక్ మిల్లీసెకన్లు (1970 నుంచి లెక్క) వాడుతున్నారని పందెం. అవి 1.7×10^12 దగ్గర ఉంటాయి, వర్గం 2.9×10^24. డబుల్‌కి (దశాంశ సంఖ్యల టైపుకి) 53 బిట్ల కచ్చితత్వం, ఆ సైజులో పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం 2^29, అంటే 53,68,70,912. మీ వేరియన్స్ ఏమో అయిదు నిమిషాల అటూ ఇటూ, 3,00,000 మిల్లీసెకన్ల వర్గం, 9×10^10. వేల వరసల వర్గాలు కూడేసరికి మొత్తం మరో మూడునాలుగు అంకెలు పెరుగుతుంది, ఎడమూ అంతే పెరుగుతుంది. రెండు మహా పెద్ద సంఖ్యలు తీసివేస్తే మిగిలేది రౌండింగ్ చెత్తే, మైనస్ కూడా అందులోంచే.

సులువైన దిద్దుబాటు: ఆ రోజు అర్ధరాత్రి నుంచి లెక్కపెట్టండి. గరిష్ఠం 8,64,00,000, వర్గం 7.46×10^15, ఇది 2^53 కంటే తక్కువే కాబట్టి ఒక్కో వర్గం కచ్చితంగా ఇముడుతుంది.

సరైన దిద్దుబాటు: కౌంటు, సగటు, ఎం2 అనే మూడు దాచండి. ఎం2 అంటే సగటు నుంచి తేడాల వర్గాల మొత్తం. వరస వస్తే వెల్‌ఫోర్డ్ పద్ధతి: కౌంటు పెంచి, తేడా = విలువ − పాత సగటు; కొత్త సగటు = పాత సగటు + తేడా/కౌంటు; ఎం2 += తేడా × (విలువ − కొత్త సగటు). మెర్జ్‌లో తేడా = కుడి సగటు − ఎడమ సగటు; ఎం2 = రెండు ఎం2ల మొత్తం + తేడా² × ఎడమ కౌంటు × కుడి కౌంటు / మొత్తం కౌంటు; సగటు = ఎడమ సగటు + తేడా × కుడి కౌంటు / మొత్తం కౌంటు. రెండు కౌంట్లూ 0 అయితే 0/0, నాన్ (సంఖ్య కానిది) వస్తుంది, అది చివరిదాకా పాకుతుంది. అందుకని కుడి కౌంటు 0 అయితే ఎడమదే తిరిగిచ్చేయండి.

ఆ ఖాళీ బఫర్లు ఊహ కాదు. గ్రూప్ బై లేని క్వెరీలో ఒక్క వరసా లేని పార్టిషన్ కూడా జీరోని పంపుతుంది. మినిమమ్ లెక్కకి జీరోలో నిజంగానే 0 పెట్టినవాళ్ల జవాబు ఎప్పుడూ 0 రావడం, ప్రతి బఫరూ ఆ జీరోతోనే మొదలవడం వల్లే.

అసలు మీకు స్పార్క్ వేరియన్స్ ఫంక్షన్ ఎందుకు చాలదు? అది లోపల చేసేది ఇదే.

#14 పైస్పార్క్_పద్మ

అనలిస్టుల సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. రోజువారీ జవాబు టేబుల్లో పెట్టి, నెలకి వాటి సగటు తీస్తారు. 23.33 లాంటి రోజువారీ సగటుల సగటు అసలు సగటు కాదు. టేబుల్లో పెట్టాల్సింది ఫినిష్ ముందటి స్థితి: స్పీడు×వ్యవధి మొత్తం, వ్యవధి మొత్తం, రెండు కాలమ్‌లు. నెలకైనా సంవత్సరానికైనా వాటిని కూడి భాగించడమే. క్లిక్‌హౌస్ డేటాబేసులో దీన్ని భాషలోనే పెట్టారు, ఏ ఫంక్షన్‌కైనా చివర స్టేట్, మెర్జ్ తగిలించొచ్చు.

వేర్వేరు కార్డుల సంఖ్య లాంటివాటికి రోజువారీ కౌంట్లు అసలే కూడలేం, రోజూ వచ్చే ప్రయాణికుడు ముప్పై మందవుతాడు. స్పార్క్ 3.5 నుంచి హెచ్ఎల్ఎల్ స్కెచ్ అగ్ ఉంది (హెచ్ఎల్ఎల్ అంటే హైపర్‌లాగ్‌లాగ్, వేర్వేరు విలువల సంఖ్యని చిన్న స్కెచ్‌తో అంచనా వేసే పద్ధతి). రోజుకో స్కెచ్ బైనరీ కాలమ్‌లో పెట్టి, నెలాఖరుకి హెచ్ఎల్ఎల్ యూనియన్ అగ్‌తో కలపండి. హైపర్‌లాగ్‌లాగ్‌లో మెర్జ్ అంటే గడిగడికీ గరిష్ఠం తీసుకోవడమే, అందుకే క్రమంతో పనిలేదు, ఒకటే స్కెచ్ రెండుసార్లు కలిసినా జవాబు మారదు. తప్పు 1.04/√గడులు: 16,384 గడులకు 0.81 శాతం.

సొంత బఫర్‌ని టేబుల్లో దాస్తే మాత్రం క్రయో, జావా సీరియలైజేషన్ వద్దు. క్లాసులో ఒక ఫీల్డు మారితే పాత వరసలు చదవలేరు. మొదటి బైటు వెర్షన్, తర్వాత మీరే నిర్ణయించిన వరసలో ఫీల్డులు.

#15 కుందలహళ్ళి_కర్నెల్

టెస్టు లేకుండా మెర్జ్‌ని నమ్మకండి. దీనికి క్లస్టర్ అక్కర్లేదు, మామూలు యూనిట్ టెస్టు చాలు. వెయ్యి పింగులు తీసుకుని కలగాపులగం చేసి, 1, 2, 7, 64 ముక్కలుగా నరకండి. కొన్ని ముక్కలు ఖాళీగా ఉంచండి. ఒక్కో ముక్కకి జీరో, రిడ్యూస్. తర్వాత ముక్కల్లోంచి ఏవో రెండు తీసి మెర్జ్ చేసి తిరిగి వేయండి, ఒకటే మిగిలేదాకా. మెర్జ్‌కి ముందు బఫర్‌ని ఎన్‌కోడర్ గుండా పంపి వెనక్కి తెచ్చుకోండి, సీరియలైజేషన్ తప్పులు అక్కడ దొరుకుతాయి. ఇదంతా రెండొందల సీడ్లతో (ఒక్కోదానికి వేరే కలగాపులగం) నడిపి, లీడ్ పద్ధతి జవాబుతో పోల్చండి. #1లోని కోడు దీనిముందు మొదటి సీడుకే పడిపోతుంది.

పోలికలో ఈక్వల్స్ వాడకండి. (0.1 + 0.2) + 0.3 అంటే 0.6000000000000001, 0.1 + (0.2 + 0.3) అంటే 0.6. సాపేక్షంగా 10^−9 తేడా ఒప్పుకోండి. బిట్టుబిట్టూ సరిపోవాలని ఆడిట్ వాళ్లు పట్టుబడితే స్పీడుని 100తో గుణించి లాంగ్‌లో కూడండి. ఓవర్‌ఫ్లో (హద్దు దాటడం) చూసుకోండి మరి: 12,000 (120 కి.మీ. × 100) × 8,64,00,000 మిల్లీసెకన్లు అంటే బస్సు‑రోజుకి గరిష్ఠంగా 1.04×10^12. 6,000 బస్సులకు ఏడాదికి 2.27×10^18. లాంగ్ హద్దు 9.22×10^18. నాలుగేళ్లు ఇముడుతుంది, అయిదో ఏడు చడీచప్పుడు లేకుండా మైనస్‌లోకి తిరుగుతుంది. స్పార్క్ ఆన్సీ మోడ్ కాపాడేది దాని సొంత సమ్‌ని, మీ కోడుని కాదు. జావా యాడ్ ఎగ్జాక్ట్ వాడండి, హద్దు దాటితే ఎర్రర్ ఇస్తుంది.

#16 సిల్క్‌బోర్డ్_సిగ్నల్

చివరికి ఇలా పెడుతున్నా: లీడ్‌తో వ్యవధి ఒక టేబుల్లో ముందే రాసి ఉంచి, అనలిస్టులకి రెండు సమ్‌ల వ్యూ. వాళ్ల గ్రూప్ బై ఏదైనా నడుస్తుంది, సొంత ఫంక్షన్ అవసరం పడలేదు. ఒక్కటే మిగిలింది. జాబు రోజుకొకసారి, తేదీ పార్టిషన్ మీద నడుస్తుంది. అర్ధరాత్రి దాటే బస్సులకు 23:59 పింగుకి లీడ్ నల్ వస్తోంది.

#17 రాయలసీమ_రిడ్యూసర్

ఆ తేదీతో పాటు మర్నాటి పార్టిషన్ కూడా చదువు. లోపలి క్వెరీలో రెండు తేదీలు, లీడ్, వ్యవధికి 120 గరిష్ఠం. అసలు తేదీ ఫిల్టరు బయటి క్వెరీలో పెట్టు. లోపల పెడితే విండో కంటే ముందే వరసలు పోతాయి, మళ్ల అదే నల్. మర్నాడు మొత్తం చదవనక్కర్లేదు, గరిష్ఠం 120 సెకన్లు గదా, 00:02 దాకా చాలు. ఆ రెండు నిమిషాల పింగులు ఆలస్యంగా వస్తాయి కాబట్టి జాబు అర్ధరాత్రికి కాదు, తెల్లవారి రెండు దాటినాక పెట్టుకో. 00:02 లోపల పింగే రాని బస్సుకి నల్ అట్లనే ఉంటాది, దానికి కోయలెస్‌తో (నల్ బదులు విలువ పెట్టే ఫంక్షన్) 120 ఇస్తావో వదిలేస్తావో అనలిస్టులనే అడుగు.